లాస్ట్ నేమ్ వేరు, ఇంటిపేరు వేరు

ఈసారి మన పత్రికకి కథో కవితో కాకుండా ఒక పాఠం లాంటిది రాస్తున్నాను. టాపిక్ చాలా సింపుల్: ఒకే సర్నేమ్ ఉన్న ప్రముఖులు. నెట్‌లో ఇలాంటి లిస్టులు బోలెడు. కపూర్‌లు, ఖాన్‌లు, స్మిత్‌లు... 'రెడ్డి' అని కొట్టినా ఒకటి వస్తుంది. జమీందార్లు, వాళ్ల మీద తుపాకీ పట్టినవాళ్లు, సినిమా డైరెక్టర్లు, కంప్యూటర్ సైంటిస్టులు అందరూ ఒకే వరుసలో ఉంటారు. బయటి మనిషి ఆ లిస్టు చూస్తే ఇదేదో చాలా పెద్ద కుటుంబం అనుకుంటాడు.

మా నార్కట్‌పల్లి బస్టాండ్‌లో ఏ ముసలమ్మకైనా ఆ లిస్టు చదివి వినిపించండి. "అది సరే బిడ్డా, ఏ ఇంటోళ్లు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి లిస్టు దగ్గర జవాబు ఉండదు. ఎందుకంటే రెడ్డి అనేది ఇంటిపేరు కాదు. అది పేరు చివర వచ్చే కులం బిరుదు. ఇంటిపేరు పేరుకి ముందు ఉంటుంది, దాన్ని మనం ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక చుక్కగా మార్చి పెట్టుకున్నాం.

డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం చేసిన మొదటి టేబుల్ గుర్తుందా? ఫస్ట్ నేమ్ ఒక కాలమ్, లాస్ట్ నేమ్ ఒక కాలమ్. ఇంగ్లిష్ వాళ్ల పేరులో చివరి మాట కుటుంబం పేరు కాబట్టి ఆ డిజైన్ వాళ్లకి సరిపోయింది. తెలుగు పేరు కట్టుబడి వేరు: ముందు ఇంటిపేరు, మధ్యలో మనిషి పేరు, చివర ఉంటే బిరుదు. ఉండకపోనూవచ్చు. స్పేస్ దగ్గర స్ప్లిట్ చేసి చివరి మాట తీసుకుంటే మనకి దొరికేది స్ట్రింగ్‌లో చివరి మాట, అంతే. కుటుంబం మొదటి మాటలో ఉండిపోతుంది. ఇందులో ఏం పోయింది అనుకునేవాళ్ల కోసం మా జిల్లా చరిత్రలోంచి ఒక టెస్ట్ కేస్ ఇస్తాను.

పేరు: రామచంద్రారెడ్డి. జిల్లా: నల్లగొండ. కాలం: 1940లు, 50లు. ఎవరు?

మొదటాయన విసునూరు దేశ్‌ముఖ్. విసునూరు ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే. ఈయన చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద ఈ దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఎవరు రాసినా దాదాపు అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ దేశ్‌ముఖ్ ఇంటిపేరు రాపాక.

రెండో ఆయనది ఆలేరు పక్కన కొలనుపాక. ఆంధ్ర మహాసభ నాయకుడు, తర్వాత కమ్యూనిస్టు, సాయుధ పోరాటంలో దళాలు నడిపినవాడు. అంటే మొదటాయన లాంటి దొరల మీద పోరాడినవాడు. ఇంటిపేరు ఆరుట్ల.

మూడో ఆయనది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి నడిచి వచ్చారు. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం అయిపోయాక తెలంగాణ పల్లెల్లో తిరుగుతూ వచ్చారన్నమాట. భూమి లేని 40 దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. ప్రభుత్వాన్ని అడిగి చూద్దాం అనే ఆలోచనలో ఉన్న వినోబా, ఊళ్లోవాళ్లలో ఎవరైనా ఇవ్వగలరా అని అక్కడే అడిగారు. ఒక భూస్వామి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. ఈ రామచంద్రారెడ్డి ఇంటిపేరు వెదిరె.

ఒకే జిల్లా, ఒకే పదేళ్లు, ఒకే ప్రశ్న: భూమి ఎవరిది? ఒకాయన భూమిని గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఒకాయన దాని కోసం ఆయుధం పట్టాడు, ఒకాయన ఇచ్చేశాడు. ముగ్గురి 'ఫస్ట్ నేమ్' రామచంద్ర. ముగ్గురి 'లాస్ట్ నేమ్' రెడ్డి. మన ల్యాబ్ టేబుల్‌లో ఈ ముగ్గురూ ఒక్కటే మనిషి. ఆర్. రామచంద్రారెడ్డి, ఏ. రామచంద్రారెడ్డి, వి. రామచంద్రారెడ్డి అని రాస్తే తేడా ఒక్క అక్షరం. అదీ ప్రింటింగ్‌లో ఎగిరిపోతే పోయినట్టే. రాపాక, ఆరుట్ల, వెదిరె అని రాస్తే పొరపాటు పడే అవకాశమే లేదు.

ఇన్ఫర్మేషన్ థియరీ భాషలో చెప్పాలంటే, ఎక్కువమందికి ఉన్న మాటలో సమాచారం తక్కువ ఉంటుంది, కొద్దిమందికి ఉన్న మాటలో ఎక్కువ ఉంటుంది. ఫైల్ కంప్రెస్ చేసేటప్పుడు తరచుగా వచ్చేదాన్ని చిన్న కోడ్‌గా మారుస్తాం, అరుదైనదానికి పెద్ద కోడ్ ఇస్తాం. హఫ్‌మన్ ట్రీ వేసినవాళ్లందరికీ తెలుసు. మన పేర్ల విషయంలో సరిగ్గా ఉల్టా చేస్తున్నాం. వేలమందికి ఉన్న 'రెడ్డి', 'రావు' పూర్తిగా రాస్తాం, మనిషిని పట్టిచ్చే ఇంటిపేరుని మాత్రం ఒక అక్షరానికి కుదిస్తాం.

విసునూరు దొర దగ్గరికి మళ్లీ ఒకసారి వెళ్లాలి, ఎందుకంటే ఆయనకి ఎదురు నిలబడిన మనిషి పేరులో ఇంకో సంగతి ఉంది. పాలకుర్తిలో కౌలుకి చేసుకుంటున్న నాలుగు ఎకరాల పంటను దొర మనుషులు ఎత్తుకెళ్లడానికి వస్తే ఒక ఆడమనిషి అడ్డం నిలబడింది. సంఘం కార్యకర్తలు వచ్చి ఆ పంటను ఆమె ఇంటికే చేర్చారు. వాళ్లలో భీమిరెడ్డి నర్సింహారెడ్డి కూడా ఉన్నాడు (ఈయనతో ఇంకా పని ఉంది, గుర్తుపెట్టుకోండి). ఆమె పేరు మనందరికీ చాకలి ఐలమ్మ. అందులో చాకలి అనేది కులం. ఇంటిపేరు చిట్యాల, భర్త చిట్యాల నరసింహ. మా ఊరి పక్కనే హైవే మీద చిట్యాల అనే ఊరు ఉంది కాబట్టి ఆమెది ఇక్కడే అనుకునే ప్రమాదం ఉంది. కాదు, అది అత్తగారింటి ఇంటిపేరు మాత్రమే.

చూడండి, దొరకి కులం పేరు వెనక వచ్చింది, గౌరవంగా. ఆమెకి కులం పేరు ముందు వచ్చింది, ఇంటిపేరు ఉండాల్సిన చోటులో కూర్చుంది. పిలిచేవాళ్లు పెట్టిన తేడా అది. ఆ తర్వాత జనం ఆ పిలుపునే గర్వంగా తీసుకున్నారు, అది వేరే సంగతి. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టినప్పుడు కూడా చాకలి ఐలమ్మ అనే పెట్టారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆమెకీ ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటికి ఒక పేరు ఉంది అని తెలిసి పిలవడం, తెలియక పిలవడం ఒకటి కాదు.

ఇప్పుడు స్పెల్లింగ్ సమస్య. నాలాగా ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకి ఇది స్పెషల్ గిఫ్ట్. భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి 1952 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆయన పేరు ఇంగ్లిష్‌లో రాస్తే మొదటి మాటని 'రవి' అనే చదువుతాం. రవి అంటే సూర్యుడు, మనిషి పేరు. రావి అంటే చెట్టు, ఇక్కడ ఇంటిపేరు. ఒక్క దీర్ఘం పోయేసరికి ఇంటిపేరు ఫస్ట్ నేమ్ అయి కూర్చుంది. ఇంటర్నెట్‌లో ఆయన్ని 'రవి' అని సంబోధించే వ్యాసాలు వస్తే ఆశ్చర్యపోకండి. ఇక ఇంకో నారాయణరెడ్డి, సినారె. ఆయన ఇంటిపేరు సింగిరెడ్డి. దాన్ని ఇంగ్లిష్‌లో 'సి'తో రాయడం వల్ల సి. నారాయణరెడ్డి అయ్యారు. 'ఎస్'తో రాసి ఉంటే మనకి సినారె అనే మాటే ఉండేది కాదు. 'విశ్వంభర' రాసి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం తెచ్చుకున్న కవి పేరు ఒక స్పెల్లింగ్ మీద ఆధారపడి ఉందంటే నాకు భలే అనిపించింది.

పొడి అక్షరాల ఆటలో ఛాంపియన్ మాత్రం 'బి.ఎన్. రెడ్డి'. సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి బి.ఎన్. రెడ్డి అంటే 'మల్లీశ్వరి' (1951) తీసిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, కడప జిల్లా. ఆయన తమ్ముడు విజయా సంస్థ నాగిరెడ్డి. ఆయన్ని బి. నాగిరెడ్డి అంటారు, పూర్తిగా పొడి చేస్తే ఆయనా బి.ఎన్. రెడ్డే. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకి 1974కి, తమ్ముడికి 1986కి. సూర్యాపేట వైపు వెళ్లి బీఎన్ అని చూడండి, ఏ సినిమా గుర్తుకు రాదు. అక్కడ బీఎన్ అంటే ఇందాక ఐలమ్మ పంట దగ్గర కనిపించిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి. సాయుధ పోరాట నాయకుడు, తర్వాత మూడుసార్లు మిర్యాలగూడ ఎంపీ. హ్యాష్ కొలిజన్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేదు.

నరసింహారెడ్డి పేరుతోనే ఇంకో ఇద్దరున్నారు. 'సైరా' చూశారు కదా. 1847లో కోయిలకుంట్లలో బ్రిటిష్ వాళ్లు ఉరి తీసిన ఆ నరసింహారెడ్డి పేరుకి ముందున్న ఉయ్యాలవాడ ఊరి పేరు. ఇంటిపేరు మజ్జారి. ఇక మెకానికల్, సివిల్ మిత్రులు ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్‌కి చదివే లావు పుస్తకం రాసిన జె.ఎన్. రెడ్డి ఉన్నాడు. వరంగల్ జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయినవాడు. ఆయన జూనుతుల నరసింహారెడ్డి. పరిశోధన పత్రాల్లో ఆయన్ని ఉదహరించేటప్పుడు 'రెడ్డి' పూర్తిగా వస్తుంది, జూనుతుల 'జె' అవుతుంది. మన సీఎస్ఈ వాళ్లకి కూడా ఒకాయన ఉన్నాడు: రాజ్ రెడ్డి. కంప్యూటర్‌కి మాట వినడం నేర్పిన తొలితరం వాళ్లలో ఒకడు, కార్నెగీ మెలన్ ప్రొఫెసర్, 1994 ట్యూరింగ్ అవార్డు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి తీసుకున్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో ఆయన దబ్బల రాజగోపాలరెడ్డి. ప్రపంచానికి తెలిసిన పేరులో దబ్బల లేదు. సత్య నాదెళ్ల విషయంలో అదృష్టవశాత్తూ ఇంటిపేరే చివరికి వెళ్లి బతికిపోయింది.

ఇంటిపేరు అంటే ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు, అదీ మారుతుంది. హైదరాబాద్ రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు వాళ్ల అసలు ఇంటిపేరు పుల్లంరాజు. పాలమూరు జిల్లాలో బూర్గుల ఊరివాళ్లు కాబట్టి బూర్గుల వాళ్లయ్యారు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఇలా వదిలొచ్చిన ఊళ్లే. ఇంకొందరు చివరి మాటని వదిలేశారు. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టినప్పుడు సుందరరామిరెడ్డి. కులం వద్దనుకుని రెడ్డి తీసేశాడు, పుచ్చలపల్లి మాత్రం ఉంచుకున్నాడు. ఏది తన గుర్తు, ఏది కాదు అని ఆయనకి స్పష్టంగా తెలిసినట్టుంది.

నిజంగా ఒకే ఇంటిపేరు ఉన్న ప్రముఖుల లిస్టు కావాలంటే ఇలా మొదలుపెట్టాలి. సురవరం: ప్రతాపరెడ్డి, సుధాకర్ రెడ్డి. మొదటాయన 'గోలకొండ పత్రిక' నడిపాడు, 1934లో 354 మంది తెలంగాణ కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కి 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రెండో ఆయన మా నల్లగొండ ఎంపీగా రెండుసార్లు గెలిచాడు, సీపీఐ జాతీయ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఇద్దరూ పాలమూరు మట్టివాళ్లే. మా మండలంలోనే చూస్తే బ్రాహ్మణవెల్లెంల నుంచి కోమటిరెడ్డి సోదరులు వెంకట్ రెడ్డి, రాజగోపాల్ రెడ్డి. ఇక్కడ ఇంటిపేరు లోపల కూడా రెడ్డి ఉంది, చివరా రెడ్డి ఉంది. స్ప్లిట్ ఫంక్షన్‌కి నా సానుభూతి.

ఇక ఆడవాళ్ల సంగతి. భీమిరెడ్డి నర్సింహారెడ్డికి ఒక చెల్లెలు ఉంది. పదిహేనేళ్ల వయసు నుంచే పోరాటంలో ఉంది, తర్వాత తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యే అయింది. మీకు ఆమె మల్లు స్వరాజ్యంగా తెలుసు. మల్లు అనేది భర్త వెంకట నర్సింహారెడ్డి ఇంటిపేరు. ఒక తల్లి పిల్లలు, ఒకే ఉద్యమం, ఒకే పార్టీ. కానీ పేర్లు మాత్రమే చూసి వీళ్లు అన్నాచెల్లెళ్లని ఏ డేటాబేస్ చెప్పలేదు. ఆరుట్ల కమలాదేవి విషయంలో ఇంకో అడుగు ముందుకు. పుట్టింట్లో ఆమె పేరు రుక్మిణి. పెళ్లయ్యాక ఇంటిపేరుతో పాటు సొంత పేరు కూడా మారింది. దళంలో తిరిగింది, జైలుకి వెళ్లింది, ఆలేరు నుంచి 1952, 57, 62 మూడు ఎన్నికల్లోనూ గెలిచింది. పుట్టినప్పటి పేరుతో వెతికితే ఈ జీవితం ఏదీ దొరకదు.

ఇది పాత కథ కాదు. మా అమ్మ టెన్త్ మెమోలో పేరు ముందు 'జి' ఉంటుంది. ఆధార్‌లో 'పి' ఉంటుంది. మా తాత పోయాక అమ్మకి రావాల్సిన రెండెకరాల కోసం ఒక ఆఫీసుకి వెళ్తే, "ఈ జి, ఈ పి ఒక్కరేనని రుజువేంది?" అన్నారు. అఫిడవిట్, నోటరీ, ఊళ్లో ఇద్దరు సాక్షులు, మళ్లీ మళ్లీ తిరగడం కలిపి నాలుగు నెలలు పట్టింది. మా మామయ్యని ఎవరూ ఏమీ అడగలేదు, ఆయన పుట్టినప్పటి నుంచి 'జి'నే కదా. సాక్షి సంతకం పెట్టడానికి వచ్చిన పెద్దాయన ఆఫీసులో ఒక్క మాట అన్నాడు: "అక్షరం జూసి ఏం దెలుస్తది సారూ, ఇంటిపేరు మొత్తం రాస్కుంటే ఎవరి బిడ్డో నేనే చెప్తుంటి."

వేరే దేశాల వాళ్లు ఇలాంటి దానికి ఏం చేశారో చూస్తే కొరియా దగ్గర ఆగాలి. అక్కడ ప్రతి ఐదుగురిలో ఒకరు కిమ్. అయినా వాళ్లకి గందరగోళం లేదు, ఎందుకంటే కిమ్‌తో పాటు 'ఏ ఊరి కిమ్' అన్నది కూడా ఉంటుంది: కిమ్‌హే కిమ్, గ్యోంగ్జు కిమ్ ఇలా. మూలపురుషుడి ఊరన్నమాట. ఒకే ఊరి మూలం ఉన్న ఒకే పేరువాళ్లు పెళ్లి చేసుకోకూడదని చట్టమే ఉండేది, 1997లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసేదాకా. మన దగ్గర సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు ముందు ఇంటిపేరు అడిగేది కూడా అందుకే. కిమ్‌ని రెడ్డి అనుకుంటే ఆ ఊరి ముక్క మన ఇంటిపేరు చేసే పని చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ వైపు, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ వాళ్లది ప్రపంచంలోని పేర్ల మీద ఒక వ్యాసం ఉంది. ఫామ్ చేసేవాళ్లందరూ చదవాలి. అందులో ముఖ్యమైన సలహా: అసలు పేరుని ముక్కలు చేయాల్సిన అవసరం ఉందా అని ముందు అడగండి, లేకపోతే పూర్తి పేరు ఒకే గడిలో తీసుకోండి. మన లిటరరీ క్లబ్ మెంబర్‌షిప్ ఫామ్ కోడ్ నేనూ ఇంకో ఇద్దరం రాస్తున్నాం కాబట్టి దాన్ని ఇలా మార్చాం. 'లాస్ట్ నేమ్' తీసేశాం. మొదటి గడి పూర్తి పేరు, తెలుగు లిపిలో, పొడి అక్షరాలు లేకుండా. రెండో గడి ఇంటిపేరు, ఇష్టమైతేనే, ఎందుకంటే దాన్ని చెప్పుకోవడం వద్దనుకునేవాళ్లకి కారణాలు ఉంటాయి. మూడోది 'మిమ్మల్ని ఏమని పిలవాలి'. అమ్మవైపు ఇంటిపేరు కూడా రాయాలనుకునేవాళ్ల కోసం నాలుగో గడి పెట్టాలని ఒకమ్మాయి అడిగింది, అదీ పెట్టాం. యూనికోడ్ వాడటం వల్ల రావి, రవి రెండూ వేరువేరుగా సేవ్ అవుతున్నాయి, టెస్ట్ చేశాను.

టెస్టింగ్‌లో ఒక్క ఇబ్బంది వచ్చింది. ఫామ్ తెరిచిన వాళ్లలో కొందరు మొదటి గడి దగ్గరే ఆగిపోయి ఇంటికి ఫోన్ చేశారు, తమ పేరు ముందున్న అక్షరం పూర్తిగా ఏమిటో కనుక్కోవడానికి. అందుకని 'తర్వాత పూర్తి చేస్తాను' అనే బటన్ ఒకటి పెట్టాం. ఫామ్ ఈ నెలాఖరు వరకు ఓపెన్‌గా ఉంటుంది.